కాన్‌కూన్ నుంచి చిచెన్ ఇట్సా: గైడు బస్సులో ఒక్కరోజు ట్రిప్పా, సొంతంగా కారులోనా?

డాలస్ తెలుగోడు:
అందరికీ నమస్కారం. మే చివర్లో లాంగ్ వీకెండ్‌కి మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తున్నాం, నాలుగు రోజులు. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఇద్దరికీ అమెరికా విజిటర్ వీసా ఉంది కాబట్టి మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. నాన్నకి 68. అమ్మకి మోకాళ్ల నొప్పులు. పాపకి ఆరేళ్లు. బీచ్ మాత్రమే చూసి వస్తే ఏం లాభం, మాయా అనే అక్కడి ప్రాచీన జాతివాళ్ల గుళ్లు చూడాల్సిందే అని నాన్న పట్టుబట్టారు. ఒక టూర్ వాళ్లు పొద్దున హోటల్ దగ్గర ఎక్కించుకుని మాయా వాళ్ల పాత నగరం చిచెన్ ఇట్సా, ఒక సెనోటే (నేల కూలి బయటపడ్డ నీటి గుంట), వయ్యడోలిడ్ ఊరు చూపించి రాత్రికి దింపుతారట. భోజనం కూడా అందులోనే. ఇంకో ట్రిప్పులో తులుం శిథిలాలు, సముద్రం. బస్సు మేలా, కారు మేలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు వాసి:
బస్సు వద్దే వద్దు. మేము అలాగే వెళ్లి ఒకరోజు పోగొట్టుకున్నాం. ఆరున్నరకి వస్తామన్నవాళ్లు ఏడు దాటాక వచ్చారు. ఆ తర్వాత హోటల్ హోటల్‌కీ తిరిగి జనాన్ని ఎక్కించుకున్నారు. దారిలో చేతిపనుల షాపు దగ్గర 45 నిమిషాలు ఆపారు. గుడి దగ్గరికి చేరేసరికి నడినెత్తిన ఎండ. అక్కడ ఇచ్చింది గంటన్నర.

సొంత కారైతే ఒక మంచి విషయం ఉంది. కాన్‌కూన్ ఉన్న కింటానా రో రాష్ట్రం టైము, చిచెన్ ఇట్సా ఉన్న యుకటాన్ కంటే ఒక గంట ముందు. దూరం 200 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. ఆరున్నరకి బయల్దేరితే అక్కడి ఎనిమిదికి, గేటు తీసే వేళకి దిగొచ్చు. బస్సులు వచ్చేలోపు చూసేసి బయటపడొచ్చు.

గోదావరి గట్టు:
నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను. మేమూ బస్సులోనే వెళ్లాం, మా నాన్నగారితో. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. అక్కడి పిరమిడ్ లాంటి పెద్ద గుడికి నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన గుడి అరుగు కలిపితే 365 అని గైడు చెప్పగానే మా నాన్న మొహం వెలిగిపోయింది. "సున్నా కూడా వీళ్లకి తెలుసా?" అని అడిగారు. గైడు కింద కూర్చుని పుల్లతో మట్టిలో గీశాడు. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు, గవ్వ బొమ్మ సున్నా. మనం పదులతో లెక్కపెట్టినట్టు వాళ్లు ఇరవైలతో లెక్కపెడతారు. "మీ వయసెంత?" అని అడిగి 71 రాశాడు. పైన మూడు చుక్కలు, అంటే మూడు ఇరవైలు అరవై. కింద రెండు గీతలు, ఒక చుక్క, అంటే పదకొండు. నాన్న ఆ పుల్ల తీసుకుని మా అమ్మ వయసు రాసి చూపించారు. గైడు భుజం తట్టాడు. అతని ఇంట్లో ఇప్పటికీ మాయా భాషే మాట్లాడుకుంటారట. ఇది ఏ ఫోన్‌లో చదివితే వస్తుందండీ?

సీమ మిరప:
తిండి సంగతి చెప్తా. వెజిటేరియన్లయితే బీన్స్ తినే ముందు అడగండి, చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు. హబనేరో అనే ఘాటు మిరప సాస్ మనవాళ్లకి నచ్చుతుంది, పాపకి మాత్రం పెట్టొద్దు. ఎర్రగా 'హమైకా' అని ఒక షర్బత్ ఇస్తారు. అది మన గోంగూర జాతి పువ్వు తొడిమలతో చేసిందే. ఎండలో ప్రాణం లేచొస్తుంది.

ఓరుగల్లు వాసి:
గోదావరి గట్టు గారూ, మీకు మంచి గైడు దొరికాడు, సంతోషం. ఆ షాపు దగ్గర 45 నిమిషాల సంగతి మాత్రం మీరు ఎత్తలేదు. మీ బస్సు ఆగలేదా?

గోదావరి గట్టు:
ఆగింది. అరగంట పైనే ఆగింది. అక్కడ శుభ్రమైన బాత్రూములున్నాయి, ఏసీ ఉంది. షుగర్ ఉన్న నాన్నకి అది కావాలి కూడా. కొనమని ఎవరూ మీద పడలేదు.

ఓరుగల్లు వాసి:
బాత్రూముకి పది నిమిషాలు చాలు. మిగతా టైము కమిషన్ కోసం. గుడి దగ్గర తగ్గింది కూడా సరిగ్గా ఆ 45 నిమిషాలే. మేము బాల్ కోర్టు, అంటే మాయా వాళ్ల బంతాట మైదానం, సగం కూడా చూడలేదు. 168 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు, మెక్సికో, మధ్య అమెరికాల్లో దొరికిన పాతకాలం వాటిలో అన్నిటికంటే పెద్దది. గోడ మీద తల తెగిన ఆటగాడి శిల్పం ఉంటుంది, మెడలోంచి రక్తం పాముల్లా చిమ్ముతూ. మా గైడు దూరం నుంచి చెయ్యి చూపించి "పదండి పదండి" అన్నాడు.

పైగా చెప్పింది కూడా తప్పు. అక్కడి పవిత్ర సెనోటేలో కన్యల్నే బలిగా పడేసేవారని చెప్పాడు. దాని పక్కనే ఒక గుంటలో దొరికిన 64 మంది పిల్లల ఎముకల మీద డీఎన్‌ఏ పరీక్షలు చేసి 2024లో ఫలితాలు ప్రకటించారు. అందరూ మగపిల్లలే. కవలలు కూడా ఉన్నారు.

గోదావరి గట్టు:
మీరే అన్నారుగా, అది పక్కన ఉన్న గుంట. సెనోటేలోంచి తీసిన ఎముకల్లో ఆడ, మగ, పిల్లలు అందరూ ఉన్నారు. ఒక గైడు పాత కథ చెప్పాడని గైడులందర్నీ అబద్ధాలకోర్లని చేయొద్దు.

ఓరుగల్లు వాసి:
కన్యలు అని చెప్పడం తప్పా కాదా? అది చెప్పండి.

గోదావరి గట్టు:
తప్పే. మరి 68 ఏళ్ల పెద్దాయన్ని, మోకాళ్ల నొప్పుల అమ్మని వెనక కూర్చోబెట్టుకుని, రానూ పోనూ ఐదు గంటలు ఇతనే డ్రైవ్ చేయాలనడం ఒప్పా?

వలస పక్షి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మే చివర అంటే అక్కడ మండే ఎండలు. గుళ్ల మధ్యంతా ఖాళీ మైదానం, నీడ అంచుల్లో చెట్ల కిందే. పిరమిడ్ ఎక్కనివ్వరు, 2006 తర్వాత ఆపేశారు. ఆదివారం వెళ్లొద్దు, మెక్సికో వాళ్లకి ఆ రోజు టికెట్ ఉండదు కాబట్టి జనం కిక్కిరిసి ఉంటారు. విదేశీయులకి టికెట్‌లో రెండు భాగాలు, ఒకటి కేంద్ర ప్రభుత్వానిది, ఒకటి రాష్ట్రానిది. చవక టూర్లలో అది కలిసి ఉండదు, ముందే అడగండి.

తులుం అంటే కొండ అంచున కట్టిన కోట ఊరు. మూడు వైపులా గోడ, నాలుగో వైపు సముద్రం. ఫొటోలో నీలంగా ఉంటుంది గానీ ఆ నెలల్లో సర్గాసం అనే నాచు ఒడ్డుకి కొట్టుకొస్తుంది, కుళ్లిన గుడ్ల వాసన. సెనోటేలో దిగే ముందు స్నానం చేయాలి. సన్‌స్క్రీన్ రాసుకుని దిగనివ్వరు. పైన నదులే లేని నేల అది, సున్నపురాయి కూలి బయటపడ్డ ఆ నీళ్లే మాయా వాళ్లకి ఆధారం.

కారు అద్దెకి తీసుకుంటే అక్కడ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో చూపించిన రేటుకి మాకు కౌంటర్ దగ్గర దాదాపు రెట్టింపు పడింది.

ఓరుగల్లు వాసి:
ఇన్సూరెన్స్ కట్టినా ఫరవాలేదు. మా అమ్మ సంగతి చెప్తా వినండి. గైడు జెండా పట్టుకుని ముందు పరిగెత్తుతున్నాడు. అమ్మ నడవలేకపోయింది. "మీరు వెళ్లి చూడండి, నేనిక్కడ కూర్చుంటా" అని ఒక చెట్టు వేరు మీద కూర్చుంది. గంట సేపు. పక్కన జాగ్వార్ పులిలా అరిచే ఈలలు అమ్మేవాళ్లు. తిరిగొచ్చేసరికి అమ్మ చేతిలో ఆ ఈల ఒకటి ఉంది. అమ్మేవాడితో సైగలతో మాట్లాడి కొనుక్కుందట. చిచెన్ ఇట్సాలో మా అమ్మ చూసింది అంతే.

గోదావరి గట్టు:
బాధగానే ఉందండీ. కానీ ఆమెని వదిలి వెళ్లింది గైడు కాదు కదా.

ఓరుగల్లు వాసి:
ఆ మాట మీరనకుండా ఉండాల్సింది. నాకు తెలియదా అది? మీలాంటివాళ్లు ఒక్కరోజులో మూడు చోట్లు చూసేశామని ఫొటోలు పెడతారు. అమ్మానాన్నల్ని ఫొటోలో నిలబెట్టడానికే తీసుకెళ్తారు.

గోదావరి గట్టు:
మా నాన్న మట్టిలో అంకెలు రాసుకున్నది ఫొటో కోసం కాదు. ఆ ఫొటో కూడా మా దగ్గర లేదు. నాకు ఏడాదికి పది రోజుల లీవు. అందులో నాలుగు రోజులు అక్కడ. రెండు రాత్రులు వయ్యడోలిడ్‌లో ఉండి, తీరిగ్గా శాన్ బెర్నార్దినో మఠం చూసి, మర్నాడు చల్లవేళ గుడికి వెళ్లే తీరిక ఉన్నవాళ్లకే చరిత్ర చూసే అర్హత ఉందంటారా? మిగతావాళ్లం బీచ్‌లో పడుకోవాలా? మీ కోపం అదేనా?

మాడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగతంగా వెళ్లొద్దు.

ఓరుగల్లు వాసి:
క్షమించండి. ఫొటోల మాట నేను అనకూడనిది.

అసలు సంగతి చెప్తాను. మా మామయ్య ఓరుగల్లు కోటలో చాలా ఏళ్లు గైడుగా పనిచేశాడు. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరిన బస్సు వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప, మళ్లీ రాత్రికి హైదరాబాద్. కోటకి మిగిలేది ఇరవై నిమిషాలు. నాలుగు తోరణాల మధ్య నిలబడి మామయ్య గణపతిదేవుడి దగ్గర మొదలుపెట్టి రుద్రమదేవి దాకా వచ్చేసరికి డ్రైవర్ హారన్ కొట్టేవాడు. చెప్తున్నవాణ్ణి మాట మధ్యలో వదిలేసి జనం వెళ్లిపోయేవాళ్లు. చిన్నప్పుడు సెలవుల్లో నేను పక్కనే ఉండి చూసేవాణ్ణి. చిచెన్ ఇట్సాలో మా బస్సు హారన్ వినగానే అదే గుర్తొచ్చింది.

గోదావరి గట్టు:
మామయ్య గైడు అయి ఉండి, గైడు వద్దని ఎలా అంటున్నారండీ?

ఓరుగల్లు వాసి:
గైడు వద్దనలేదు, బస్సు వద్దన్నా. పైన చూడండి. గైడు చేతిలో టైము లేదు, కంపెనీ చేతిలో ఉంది. మామయ్యదీ అదే పరిస్థితి.

గోదావరి గట్టు:
అదే బస్సు లేకపోతే మీ మామయ్యకి వినేవాళ్లు ఎక్కడినుంచి వచ్చేవాళ్లు? హైదరాబాద్ నుంచి ఎంతమంది సొంత కారులో కోటకి వచ్చి గైడుని పెట్టుకునేవారు? మా గైడు కూడా అదే అన్నాడు, బస్సులుంటేనే మాకు రోజూ పని అని. ఇరవై నిమిషాలు తక్కువే. అసలు లేకపోవడం కంటే ఎక్కువ.

ఓరుగల్లు వాసి:
అది మామయ్యని అడగాలి. నాకైతే ఇరవై నిమిషాలు ఇవ్వడం అవమానంగానే అనిపిస్తుంది.

నల్లమల:
గుడి మెట్ల ముందు నిలబడి చప్పట్లు కొట్టండి. పక్షి కూతలా తిరిగొస్తుంది. పాప వదలదు.

డాలస్ తెలుగోడు:
అందరికీ థ్యాంక్స్. ఇంట్లో మాట్లాడాం. డ్రైవర్‌తో సహా వ్యాన్ ఒకటి మాట్లాడుకుంటున్నాం, ఖర్చు బస్సు కంటే ఎక్కువే. శనివారం ఆరున్నరకి బయల్దేరుతాం. గేటు దగ్గర గైడుని పెట్టుకుని రెండు గంటలు చూస్తాం. తర్వాత ఒక సెనోటే. వయ్యడోలిడ్, తులుం వదిలేశాం. నాన్నకి గోదావరి గట్టు గారి లెక్క చదివి వినిపిస్తే 68 ఎలా రాస్తారని అడిగారు.

గోదావరి గట్టు:
పైన మూడు చుక్కలు. కింద ఒక గీత, ఆ గీత మీద మూడు చుక్కలు. సున్నా గురించి కూడా అడగమనండి. వయ్యడోలిడ్ వదిలేయడం మాత్రం నాకు నచ్చలేదు, దారిలోనే ఉంది, భోజనానికైనా ఆగండి.

ఓరుగల్లు వాసి:
ఆగొద్దు, ఎండలో అలిసిపోతారు. గైడు రేటు లోపలికి వెళ్లకముందే మాట్లాడుకోండి, మెల్లగా నడవాలని కూడా అప్పుడే చెప్పండి. అమ్మగారికి ఒక మడత స్టూలు కొని వ్యాన్‌లో పెట్టుకోండి. గైడు ఎక్కడ నిలబడి చెప్తే అక్కడ వేసి కూర్చోబెట్టొచ్చు.