షెల్ హిస్టరీకి 'చరిత్ర' సరిపోదు, యాది, చిట్టా రెండూ కావాలి

టర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో, మనం కొట్టిన పాత కమాండ్ల జాబితాను హిస్టరీ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలని మొన్న ఇక్కడ ఒకరు అడిగితే చాలామంది 'చరిత్ర' అన్నారు. బ్రౌజర్లలో, వికీపీడియా పేజీల్లో అదే నడుస్తోంది కాబట్టి ముందు అదే తడుతుంది. నేను మాత్రం ఒప్పుకోను. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు లినక్స్ చెప్తాను, వాళ్లు తికమకపడేది సరిగ్గా ఈ మాట దగ్గరే.

మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్ షెల్, బ్యాష్ అలాంటిదొకటి. అది చేసే పని చూడండి. తెరవగానే హోమ్ డైరెక్టరీలోని ఫైల్ చదివి పాత కమాండ్లను మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత మనం కొట్టేవన్నీ మెమరీలోనే చేరుతూ ఉంటాయి, ఎగ్జిట్ కొట్టినప్పుడే ఫైల్‌లోకి పోతాయి. అంటే ఇక్కడ ఉన్నవి రెండు. మెమరీలో ఉన్నది యాది, జ్ఞాపకం అనే అర్థంలో మనం రోజూ అనే యాదే. ఫైల్‌లో ఉన్నది చిట్టా. మిర్యాలగూడ మిల్లులో పాత గుమాస్తా ఎవరినైనా అడగండి, జరిగింది జరిగిన వరసలో రాసుకునేది చిట్టా, దాన్ని ఖాతాలవారీగా విడదీసేది ఆవర్జా అని చెప్తాడు. షెల్ కూడా వరస నంబర్ వేసుకుంటూ పోతుంది తప్ప విడదీయదు.

బ్యాష్ కూడా ఈ రెండింటినీ వేర్వేరుగానే లెక్కపెడుతుంది. ఎన్ని ఉంచుకోవాలో చెప్పే సెట్టింగ్‌లు రెండు, హిస్ట్‌సైజ్ అనేది యాదికి, హిస్ట్‌ఫైల్‌సైజ్ అనేది చిట్టాకు. ఉబుంటు అనే లినక్స్‌లో మామూలుగా మొదటిది 1000, రెండోది 2000 ఉంటాయి. రెండింటినీ 'చరిత్ర' అంటే ఈ తేడా ఎట్లా చెప్పాలి?

పిల్లలు రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో కొట్టిన కమాండ్ కోసం రెండోదాంట్లో, పాత కమాండ్లను వెనక్కి తెచ్చే పై బాణం నొక్కుతూ "సార్, పోయింది" అంటారు. "ఏ విండో యాది దానిదే, అది ఇంకా చిట్టాకెక్కలేదు" అంటే చాలు, మళ్లీ అడగరు. హిస్టరీ మైనస్ ఏ కొడితే అప్పటికప్పుడు ఎక్కుతుంది, రెండో విండోలో మైనస్ ఎన్ కొడితే చిట్టాలో కొత్తగా చేరింది చదువుకుంటుంది. ఉన్న చిట్టా చివర చేర్చమనే హిస్ట్‌అపెండ్ సెట్టింగ్ పెట్టుకోకపోతే చివరగా మూసిన విండో పాత చిట్టా మీదే రాసేస్తుంది, ముందు మూసిన విండోలో కొట్టినవి గల్లంతు. హిస్టరీ మైనస్ సీ కొట్టి అంతా తుడిచేశామనుకుంటారు గానీ అది తుడిచేది యాదినే, చిట్టా అట్లనే ఉంటుంది. వెంటనే హిస్టరీ మైనస్ డబ్ల్యూ కూడా కొడితేనే చిట్టాలోంచి పాతవన్నీ పోతాయి. కమాండ్ లైన్‌లోనే పాస్‌వర్డ్ కొట్టినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, ఎవరైనా ఆ ఫైల్ తెరిస్తే మన చిట్టా విప్పినట్టే. హిస్ట్‌కంట్రోల్ అనే సెట్టింగ్‌లో ఇగ్నోర్‌స్పేస్ పెట్టుకుని, కమాండ్ ముందు ఒక ఖాళీ వదిలితే అది యాదిలోకే రాదు, ఇంక చిట్టాకేం ఎక్కుతుంది.

తెలుగు వికీపీడియాలో లాగ్‌ను, అంటే సిస్టమ్ తనంతట తాను రాసుకునే పనుల నమోదును, చిట్టా అంటున్నారు కదా, గందరగోళం కాదా అని పైన కామెంట్లో ఒక అక్క అడిగారు. న్యాయమైన ప్రశ్నే. లాగ్‌లో పడేది జరిగిన పని, ఇక్కడ పడేది మనం కొట్టిన మాట. అక్షరం తప్పు కొట్టి కమాండ్ దొరకలేదని వచ్చినా అది హిస్టరీలో ఉంటుంది. అందుకే ఉత్త చిట్టా అనకుండా 'కమాండ్ల చిట్టా' అందాం, తేడా తెలిసిపోతుంది.

కంట్రోల్-ఆర్ నొక్కి వెనక్కి వెతకడాన్ని క్లాసులో 'యాది తవ్వుడు' అంటున్నాను. పాలమూరు వాళ్లు, మీ దిక్కు ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి, వచ్చే బ్యాచ్ నుంచి అదే వాడతాను.