గైడ్ పేరు లేకుండా పీహెచ్‌డీ సీటా? రొటేషన్ ల్యాబులు ఎలా చూసుకోవాలి

రాయగడ_పిల్ల
అందరికీ నమస్తే. మాది గుణుపురం దగ్గర పల్లె, బరంపురంలో ఎమ్మెస్సీ బోటనీ చేశా. అమెరికాలో ప్లాంట్ అండ్ మైక్రోబియల్ బయాలజీ పీహెచ్‌డీకి ఆఫర్ వచ్చింది, ఆగస్టులో వెళ్లాలి. లెటర్లో గైడ్ పేరే లేదు. మొదటి ఏడాది 3 ల్యాబుల్లో రొటేషన్, ఒక్కోటి 10 వారాలు, ఆ తర్వాతే ఎవరి దగ్గర చేరేదీ తేలుద్దంట. మా నాన్నైతే "గైడు నేకుండా సీటేటి, ఎవులో మోసం సేస్తన్నారు" అని ఒకటే గోల, మా వైపు గైడ్ చుట్టూ నాలుగు నెలలు తిరిగాకే కదా ఏదైనా. నాకేమో చోడి (రాగి) పంటకొచ్చే అగ్గితెగులు అనే ఫంగస్ జబ్బు మీద చెయ్యాలనుంది, మా చేల్లో వెన్ను మెడ దగ్గర నల్లబడి గింజ తాలు పోవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. మరి మూడూ ఫంగస్ ల్యాబులే తీసుకోవాలా? 10 వారాల్లో ఏం చూపించాలి, ఏమీ రాకపోతే తీసుకోరా?

పర్లాకిమిడి_అన్న
కంగ్రాట్స్ చెల్లెమ్మా. మోసం కాదు, అక్కడ బయాలజీలో చాలాచోట్ల పద్ధతే అది, ముందు ప్రోగ్రామ్ తీసుకుంటది, గైడ్ తర్వాత. రొటేషన్ ఏడాది స్టైపెండ్ సాధారణంగా ప్రోగ్రామే చూస్కుంటది, ల్యాబ్‌లో చేరాక గైడ్ గ్రాంట్ నుంచో టీచింగ్ నుంచో వస్తది. అందుకే మొహమాటం లేకుండా మొదటి మెయిల్లోనే అడుగు, వచ్చే ఏడాది స్టూడెంట్‌ని తీసుకోడానికి మీ దగ్గర డబ్బులున్నాయా అని. నేను అడగలేదు. పది వారాలు ఒళ్లొంచి పనిచేశా, ల్యాబూ నచ్చింది, ఆఖరి రోజు ఆయన "గ్రాంట్ రాలేదు, ఈసారి ఎవర్నీ తీసుకోను" అన్నాడు.

రిజల్ట్ సంగతంటావా, మొక్కకి నీ 10 వారాల లెక్క తెలీదు. ల్యాబుల్లో పెంచే చిన్న మొక్క అరబిడాప్సిస్‌కే విత్తనం నుంచి విత్తనానికి 6-8 వారాలు, వరికి 3-4 నెలల పైమాటే, కాబట్టి క్రాసింగ్ (రెండు మొక్కల్ని కలిపి విత్తనం తీసే) పని ఇస్తానంటే వద్దను. అదే బెంథామియానా (పొగాకు జాతి మొక్క) ఆకులోకి సిరంజితో అగ్రోబాక్టీరియం (మొక్కలోకి జీన్ మోసే బాక్టీరియా) ఎక్కించావనుకో, రెండు మూడు రోజులకి నీ ప్రోటీన్ మైక్రోస్కోప్‌లో కనపడుద్ది. వరి ఆకు మీద అగ్గితెగులు స్పోర్లు చల్లితే వారంలో మచ్చలు. "మొక్కలు రెడీగా ఉన్నాయా, నేనొచ్చి విత్తనం వెయ్యాలా" అని కూడా అడుగు, వెయ్యాలంటే మొదటి నెలంతా కుండీలకి నీళ్లు పొయ్యడమే. జెల్ మీద బ్యాండ్ వచ్చిందా లేదా అని ఎవరూ నిన్ను తీసుకోరు. రానప్పుడు కంట్రోల్స్ (పోల్చి చూసుకునే శాంపిళ్లు) పెట్టావా, నోట్‌బుక్ రాశావా, తప్పు జరిగితే చెప్పావా, అదీ చూస్తారు.

జయపురం_అక్క
మీ నాన్నగారికి చెప్పమ్మా, బెంగుళూరులో ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీల్లో కూడా రొటేషన్లున్నాయని. నాకు ఆ అదృష్టం లేదు, జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్)తో ఒకే గైడ్ దగ్గర కూచున్నా, రెండో ఏడాదికి గానీ ఆయన థీసిస్ చాప్టర్లు చదవరని తెలీలేదు.

మూడూ ఫంగస్ వద్దు. ఒకటి మొక్క ఇమ్యూనిటీ, ఒకటి ఫంగస్, మూడోది నీకు రానిది, జీనోమ్ డేటా ల్యాబ్ లాంటిది. అగ్గితెగులు ఫంగస్ మాగ్నపోర్తే జీనోమ్ 2005లోనే వచ్చేసింది. వరి మీదా చోడి మీదా పడేది ఒకే జాతి, రకాలు వేరు, ఆ తేడా పట్టుకోవాలంటే కోడింగ్ రాక తప్పదు.

సుంకి_ఘాట్
అక్కా నేనొప్పుకోను. రానిదాన్లో 10 వారాలంటే డేటా లెక్కలకి వాడే ఆర్ (R) ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకునేసరికే అయిపోద్ది. ఇంకోటి, గైడ్‌ని కాదు, లంచ్ టైములో సీనియర్లని పట్టుకో, ముందు ఆ ల్యాబ్‌లో చేసినోళ్లు ఎన్నేళ్లకి బయటపడ్డారో అడుగు. ఆయన ఎదురుగా అందరూ బాగుందనే అంటారు.

జయపురం_అక్క
ఇన్‌స్టాల్ ఏదో ఇక్కడే చేస్కుని వెళ్తది లేవయ్యా, ఆగస్టు దాకా టైముందిగా.

రాయగడ_పిల్ల
థాంక్సండీ అందరికీ. నాన్నకి చదివి వినిపించా, డబ్బులు ముందే అడగమన్న మాట ఒక్కటీ బాగా నచ్చింది ఆయనకి. మా చేలో తెగులొచ్చిన వెన్నులు నాలుగు ఎండబెట్టి సూట్‌కేస్‌లో పెట్టుకెళ్తే ఆ ఫంగస్ ల్యాబ్‌లో పనికొస్తాయా?

పర్లాకిమిడి_అన్న
అమ్మా తల్లీ, ఆ పని మాత్రం చెయ్యకు! మొక్క తెగులు సరుకు అక్కడికి తేవాలంటే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) పర్మిట్ ఉండాలి, ఇక్కడ్నుంచి పంపాలన్నా మన 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతి కావాలి. ఎయిర్‌పోర్టులో దొరికావో, రొటేషన్ కాదు కదా ల్యాబ్ గుమ్మం కూడా చూడవు. ఫోటోలు తీస్కో, ఏ చేను, ఏ నెల అని రాసి పెట్టుకో, అవి చాలు.