ఆడవాళ్లకి సమానత్వం దేనివల్ల వస్తుంది? మార్కెట్టా, సోషలిజమా?

భీమవరం_చెరువు:
మార్కెట్టేనండి. మా పక్క రొయ్యల షెడ్డులో తలకాయలు తీసేది అంతా ఆడవాళ్లే. కిలోకి ఇంతని లెక్క. కాటా ఆడా మగా చూడదు. ఏ విప్లవం ఇచ్చిందండి ఇది?

ఎర్రకాలవ:
సోవియట్లో డాక్టర్లు నూటికి 70 మంది దాకా ఆడవాళ్లే. పిల్లలకి సర్కారు క్రెష్‌లు. మీ షెడ్డు దగ్గర చంటిదాన్ని ఎక్కడ పడుకోబెడతారు గురువుగారూ?

భీమవరం_చెరువు:
ఆ డాక్టర్ల జీతం ఫ్యాక్టరీ కార్మికుడి కన్నా తక్కువ, అది చెప్పరేం? డ్యూటీ దిగి రొట్టె కోసం క్యూలో నిలబడిందీ ఆవిడే.

గోదారి_గట్టు:
కాటా చూడదు సరే, కిలోకి ఎంత?

లేసుకండె:
మాది నరసాపురం. మార్కెట్టు మాకు కొత్త కాదండి. 19వ శతాబ్దంలోనే మిషనరీలు లేసు నేర్పారు. లేసు ఓడెక్కింది, అల్లినవాళ్లు అరుగు దిగలేదు. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో మా లేసు మీద పుస్తకమే రాసింది. రోజంతా అల్లినా వీళ్లని కార్మికులనరు, ఖాళీగా ఉన్న ఇల్లాళ్లంటారు, కూలి అందుకే అంత తక్కువ అని. మా అమ్మ చూపుడువేలు సూది రాపిడికి కాయ కట్టింది. ఏజెంటు లేసు విప్పి, మూలన టీ మరక చూపించి కూలి సగం కోసేవాడు. పైగా, "ఊసుపోకే కదమ్మా అల్లేది" అనేవాడు.

భీమవరం_చెరువు:
ఏజెంటు మోసానికి మార్కెట్టేం చేస్తుంది?

గోదారి_గట్టు:
కిలోకి ఎంత అని అడిగా.

ఎర్రకాలవ:
అది వదిలెయ్యండి. మీ చెరువు పాస్‌బుక్కు ఎవరి పేరున ఉంది?

భీమవరం_చెరువు:
నా పేరునే! ఉంటే? మా అక్కకి 1994లో కట్నం ఇచ్చాం, సారె పెట్టాం. వరి పండినన్నాళ్లూ గుర్తురాని వాటా, చెరువు తవ్వాక గుర్తొచ్చింది. తాతగారి పొలంలో 60 సెంట్లకి నోటీసు పంపింది.

లేసుకండె:
1994 అన్నారా? హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది. ఆ తర్వాత పెళ్లయిన కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. ఇంతకీ ఆ కట్నం పడింది అక్క చేతిలోనా, ఆవిడ మామగారి చేతిలోనా?

భీమవరం_చెరువు:
చట్టాలు నాకు చెప్పకండి. వాటా పట్టుకెళ్లాక సంక్రాంతికి ఏ మొహంతో వస్తుంది?

లేసుకండె:
ఎర్రకాలవగారూ, మీ చెల్లెలికి ఎంత రాశారు?

ఎర్రకాలవ:
మాది వేరే సంగతండి. మా చెల్లి తనే వద్దంది.

లేసుకండె:
వద్దందా, సంతకం పెట్టమన్నారా?

గోదారి_గట్టు:
ఆయ్, కిలోకి ఎంతో ఇంకా చెప్పలేదు.