సంక్రాంతికి కోనసీమలో బెలూన్: తాడు కట్టి లేపాలా, వదిలేయాలా?

గౌతమిగట్టు: అరకులో 2017లో బెలూన్ పండగ జరిగింది కదా, సంక్రాంతికి మన డెల్టాలోనూ హాట్ ఎయిర్ బెలూన్లు ఎగరేయాలని చాలామంది అడుగుతున్నారు. నా మట్టుకు తాడు కట్టి వందడుగులు లేపి దింపడమే మేలు. కింద అంతా కొబ్బరితోటలు, కాలవలు, చేపల చెరువులు, గట్ల వెంబడి 11 కేవీ లైన్లు. దిగడానికి చోటేదీ?

నీలిమంట: తాడుంటే భద్రం అనుకోవద్దండి. వదిలేసిన బెలూన్ గాలితోపాటే పోతుంది, బుట్టలో ఉన్నవాళ్లకు గాలి తెలీదు. కట్టేస్తే ఆ గాలంతా గుడ్డ మీద పడుతుంది. ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి వేడిగాలి కింది మూతిలోంచి వెళ్లిపోతుంది, మూతి పక్కకి జరిగి మంట గుడ్డకు తగులుతుంది. గంటకు పది కిలోమీటర్ల గాలి దాటితే ఆపేయాల్సిందే. మూడు తాళ్లు మూడు వైపులకు, బరువైన బళ్లకు కట్టాలి.

లంకమాస్టారు: ఎక్కడ లేపుతారన్నదాన్ని బట్టండి. శీతాకాలం తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో లేపితే నేరుగా బంగాళాఖాతమే. బెలూన్‌కి చుక్కాని ఉండదు. ఎత్తు మార్చుకుని వేరే దిక్కు గాలి దొరికితే పట్టుకోవాలి, అంతే. కాబట్టి రావులపాలెం ఎగువన లేపాలి. ఇంకో చిక్కు పొగమంచు. జనవరిలో గోదారి మీద ఎనిమిదింటికీ విడదు. తొమ్మిది దాటితే నేల వేడెక్కి గాలి సుళ్లు తిరుగుతుంది. ఎగరడానికి మిగిలేది గంట.

కొత్తపేట కుర్రాడు: ఇంట్లో గ్యాస్ సిలిండర్లతో కానిచ్చేయొచ్చా అండీ?

నీలిమంట: కాదు బాబూ. ఇంటి సిలిండర్ ఆవిరి గ్యాస్ ఇస్తుంది. బెలూన్ సిలిండర్‌లో అడుగుదాకా గొట్టం ఉంటుంది, ద్రవమే పైకొస్తుంది. బర్నర్ చుట్టలో మరిగి పెద్ద మంటవుతుంది. 1960లో అమెరికా వాడు ఎడ్ యోస్ట్ నైలాన్ గుడ్డ, ప్రొపేన్ బర్నర్‌తో ఎగిరాకే ఇది గంటల తరబడి ఎగరే వాహనమైంది.

బరువు లెక్క కూడా చూడండి. 2,800 ఘనమీటర్ల బెలూన్‌లో లోపల 100 డిగ్రీలు, బయట 18 ఉంటే గుడ్డ, బుట్ట, సిలిండర్ల బరువుతో కలిపి సుమారు 750 కిలోలు లేస్తుంది. బయట 30 అయితే 610. తేడా ఇద్దరు మనుషులు. లోపల వేడి ఇంకా పెంచితే పైభాగం గుడ్డ పాడవుతుంది. మధ్యాహ్నం జాతర జనాన్ని ఎక్కించాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గౌతమిగట్టు: కరెంటు తీగల సంగతి ఎవరూ ఎత్తలేదు.

వెంటబండి: అదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదమండి. దూరం ఉంటే మంట పెట్టి దాటొచ్చు. దగ్గరపడ్డాక మాత్రం పైకి లేపాలని చూడకూడదు. బర్నర్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంటతో సహా గ్యాస్ కట్టేసి, పైనున్న వాల్వు తాడు లాగి కిందికే దిగాలి. బుట్టను మోసే ఉక్కు తీగలు లైనుకు తగలడం కంటే గుడ్డ తగలడం నయం.

దిగే చోటు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. సంక్రాంతికి దాళ్వా (రెండో పంట) ఊడ్పులు నడుస్తుంటాయి, చేలన్నీ నీళ్లు. బుట్ట బురదలో మెత్తగానే దిగుతుంది, బండి మాత్రం గట్టు దాటి రాదు. 250 కిలోల పైచిలుకు సరంజామా మనుషులే మొయ్యాలి. సార్వా (తొలి పంట) కోతలయ్యాక, ఊడ్పులకు ముందు ఆరిన చేలుంటే అదే అదను.

లంకమాస్టారు: గోదారి ఇసుక తిన్నెలు ఉన్నాయి కదా?

వెంటబండి: పడవ సిద్ధంగా ఉంటే బాగుంటాయి. మధురపూడిలో ఉన్న రాజమండ్రి ఎయిర్‌పోర్టు అనుమతి లేకుండా మాత్రం ఎక్కడా లేపకూడదు.

గౌతమిగట్టు: సరే, డిసెంబరు మొదట్లో వదిలి ఎగరేస్తామంటే ఆలోచిస్తాను. సంక్రాంతికి మాత్రం ఒప్పుకోను. బెలూన్ తొక్కేది నాలుగు గజాలే. చూడ్డానికి పరిగెత్తే జనం ఎకరం నాట్లు తొక్కేస్తారు. ఆ డబ్బు రైతుకు ఎవరు కడతారో ముందే కాయితం మీద రాసివ్వాలి.