తంబూరా అవతలివాళ్ళకి వినపడట్లేదు, పొద్దున్నించీ ఇదే గోల, ఎవరైనా చెప్పండి

సింగ్‌నగర్ పిన్ని:
అందరికీ నమస్కారం. పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నదాన్ని, ఇప్పుడు రెండైంది, ఇంకా అన్నం కూడా తినలేదు. మా గోష్ఠిగానం వాళ్ళం ఇరవై రెండు మందిమి, హాల్లో ప్రాక్టీసు ఆగిపోయి నెల దాటింది, సరే ఎవరింట్లో వాళ్ళం కూర్చుని కాల్లో కలిసి పాడదాం అని మొదలెట్టాం. నేను తంబూరా పెడితే ఒక్క క్షణం వినపడి మాయమైపోతోందిట. నాకు మాత్రం ఇక్కడ గదంతా మోగిపోతోంది. పైగా అందరం కలిసి అందుకుంటే ఒకళ్ళు అనుపల్లవిలో ఉంటే ఇంకొకళ్ళు ఇంకా పల్లవి లాగుతున్నారు, చేపల మార్కెట్టు నయం. సౌండు ఫుల్లు పెట్టా, ఆపి మళ్ళీ ఆన్ చేశా, మా అబ్బాయిది లాక్కుని దాంట్లోనూ చూశా, అదే వరస. శృతి లేకుండా గౌళ రాగం ఎలా పాడమంటారు చెప్పండి? ఈసారి త్యాగరాజ ఆరాధన జనవరి 18న. నాలుగింటికి మళ్ళీ అందరూ వస్తారు, తెలిసినవాళ్ళు కాస్త తొందరగా చెప్పండి.

కీబోర్డ్ కుర్రాడు:
ఏ యాప్?

అచ్చుతప్పు మాస్టారు:
అమ్మా, ముందుగా ఒక మాట. శృతి కాదు, శ్రుతి. ‘శ్రు’ అంటే వినడం, అందులోంచే శ్రవణం, శ్రోత, శ్రుతి అన్నీ వచ్చాయి. శకారానికి క్రావడి ఇచ్చి కొమ్ము పెట్టాలి గానీ వట్రసుడి కాదు. పెళ్ళి శుభలేఖల్లో, ఆడపిల్లల పేర్లలో, ఆఖరికి కచేరీ కరపత్రాల్లో కూడా ఇదే తప్పు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. సంగీతం పాడేవాళ్ళే ఇలా రాస్తే ఇంక మిగతావాళ్ళని ఏమంటాం. మిమ్మల్ని తప్పు పట్టడం కాదు సుమా.

సింగ్‌నగర్ పిన్ని:
దిద్దుకున్నా మాస్టారూ, శ్రుతి. వినడం అన్నారు కదా, అది వినపడట్లేదనే నా ఏడుపు.
కీబోర్డ్ బాబూ, వీడియో కాల్ నాన్నా, అందరూ గళ్ళు గళ్ళుగా కనపడతారే అది.

కీబోర్డ్ కుర్రాడు:
వాట్సాపా, జూమా, మీటా. ఫోనా, ల్యాప్‌టాపా. తంబూరా అంటే అసలు తంబూరానా, శ్రుతిపెట్టెనా, యాపా.

గుంటూరు బేస్ గొంతు:
మేడమ్, మాది చర్చి క్వయిర్, కరోనాలో మేమూ ఈ బాధ పడ్డవాళ్ళమే. అందర్నీ ఒకేసారి కాల్లోకి తేవడమే మొదటి పొరపాటు. ముందు పార్టులు విడగొట్టండి, సొప్రానో, అంటే ఆడవాళ్ళ పై గొంతు వాళ్ళకి ఒక గ్రూపు, ఆల్టో, కింది గొంతు వాళ్ళకి ఒకటి, టెనర్, బేస్ మగాళ్ళకి రెండు. ఏ పార్టు లీడరు ఆ పార్టు కీబోర్డు మీద వాయించి పాడి పంపాలి, మిగతావాళ్ళు ఇంట్లో అది విని నేర్చుకోవాలి. క్రిస్మస్‌కి మేం అలాగే దించాం. ఏ క్వయిర్ అయినా ఇంతే.

తంబూరా తీగ:
గోష్ఠిగానానికి పార్టులేంటి సార్? త్యాగరాజ పంచరత్నాల్లో సొప్రానో ఎక్కడుంది? అయిదు కృతులు, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో, అన్నీ ఆది తాళమే, వందమంది కూర్చున్నా అందరిదీ ఒకటే స్వరం, అదే దాని అందం. అది క్వయిర్ కాదు.

గుంటూరు బేస్ గొంతు:
నేను క్వయిర్ అన్నది పదిమంది కలిసి పాడేదాన్ని. మీరు దాన్ని గోష్ఠి అనుకోండి, బృందగానం అనుకోండి, కోరస్ అనుకోండి, ఇంట్లో ప్రాక్టీసు చెయ్యడం ఒకటే కదా.

తంబూరా తీగ:
ఒకటి కాదు. మీ దగ్గర ఒక పార్టు వాళ్ళు రాకపోతే మిగతా మూడూ నేర్చుకోవచ్చు. మా దగ్గర పక్కవాళ్ళ గొంతులో గొంతు కలపడమే ప్రాక్టీసు. ఇంట్లో ఒంటరిగా పాడేది సాధన అవుతుంది గానీ గోష్ఠి అవదు. కోరస్ అంటే సినిమా పాటల్లో వెనక నించుని ఆ ఊ అనేది.

అచ్చుతప్పు మాస్టారు:
బృందగానం అనండి, తగాదా ఉండదు. గోష్టి అని టకారం రాయకుండా ఇద్దరూ ఠకారమే రాశారు, సంతోషం.

డాలస్ అత్తయ్య:
అమ్మా పిన్నీ, వాళ్ళని కొట్టుకోనీ, నువ్వు ఇది విను. 2020లో మా ఊళ్ళో మేము ఏడాది పైన ఇలాగే నడిపాం. కాల్లో కలిసి పాడటం జరగని పని, నీ ఫోను తప్పూ కాదు, మీవాళ్ళ తప్పూ కాదు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది, పది మీటర్ల హాల్లో ఆ చివర గొంతు ఈ చివరికి చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది, అంత మాత్రం తేడాకి చెవి సర్దుకుంటుంది, కళ్ళ ముందు తాళం వేసే చెయ్యి కనపడుతుంది కాబట్టి. కాల్లో ఆ ఆలస్యం సెకనులో అయిదో వంతు సులువుగా ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆది తాళంలో ఒక్కో దెబ్బా సెకను అనుకో, దెబ్బకి నాలుగు స్వరాలు, అంటే అయిదో వంతు సెకను ఆలస్యమైతే ఇంచుమించు ఒక స్వరం వెనకపడ్డట్టే. నువ్వు వాళ్ళకోసం ఆగుతావు, వాళ్ళు నీకోసం ఆగుతారు, ఆగీ ఆగీ పాట నిద్రపోతుంది. మా వాళ్ళు నాట మొదలెడితే జోలపాటల రాగం నీలాంబరి అయ్యేది.
అందుకని అందర్నీ మ్యూట్‌లో పెట్టు. నువ్వు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పాడు, తరవాతి ఆవర్తనం చేత్తో తాళం వేస్తూ ఊరుకో, వాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో అది తిరిగి పాడతారు. చిన్నప్పుడు పాఠం చెప్పించుకోలేదూ, అదే. నీకు వాళ్ళు వినపడరు, మొదట్లో గోడకి పాఠం చెప్తున్నట్టు పిచ్చిగా ఉంటుంది, వారం రోజుల్లో అలవాటైపోతుంది. చివర పది నిముషాలు ఒక్కొక్కళ్ళనీ అన్‌మ్యూట్ చేసి ఒక్క చరణం ఒంటరిగా పాడించు. హాల్లో పదేళ్ళు పెదాలు కదిపినవాళ్ళంతా అప్పుడు బయటపడతారు, మొహమాట పడకు.

సింగ్‌నగర్ పిన్ని:
అయ్యో పెదాలు కదిపేవాళ్ళు మా దగ్గరా ఉన్నారండీ, పేర్లు వద్దులెండి, వాళ్ళూ ఇది చదువుతారు.
మీరు చెప్పింది బావుంది గానీ తంబూరా సంగతి తేలలేదు. కీబోర్డ్ బాబూ, మా అబ్బాయి ఇప్పుడే లేచాడు, అడిగితే జూమ్ అన్నాడు. ల్యాప్‌టాప్‌లో నేను, పక్కనే ఫోన్లో తంబూరా యాప్, అయిదు శ్రుతి. చెవిలో వైరు లేనివి పెట్టుకున్నా. పెట్టె ఉండేదండీ, 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు హాల్లోనే ఉండిపోయింది, నడుం దాకా నీళ్ళు, వారం తరవాత తలుపు తీస్తే చాపలు, పుస్తకాలు అన్నీ ముద్దలైపోయి గోడకి అతుక్కుపోయాయి. హాలు అందుకే లేదు. చెప్పాననుకున్నా.

కీబోర్డ్ కుర్రాడు:
ఇది మొదట్లోనే చెప్పాల్సింది. మాట స్పష్టంగా వినపడటానికి జూమ్ వెనకాల ఆగకుండా మోగే చప్పుడు తీసేస్తుంది, ఫ్యాను, ఏసీ లాంటివి. తంబూరా కూడా దానికి ఫ్యానే.
సెట్టింగ్స్, ఆడియో, ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఎంచుకోండి. మీటింగ్ లోపల కూడా ఆ బటన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మీ ఒక్కరికి చాలు, మిగతావాళ్ళు ముట్టుకోక్కర్లేదు. బ్లూటూత్ తీసేయండి, వైరుది పెట్టుకోండి.

తంబూరా తీగ:
తంబూరాని ఫ్యాను అన్నవాణ్ణి ఇవాళే చూశా.

కీబోర్డ్ కుర్రాడు:
నేననలేదు, యాప్ అంది.

గుంటూరు బేస్ గొంతు:
లేదంటే షేర్ స్క్రీన్‌లో షేర్ సౌండ్ అని టిక్ ఉంటుంది మేడమ్, తంబూరా ల్యాప్‌టాప్‌లోనే మోగించి అది టిక్ పెడితే మైకుతో పని లేకుండా నేరుగా పోతుంది. మేం కీబోర్డు ట్రాకులు అలాగే వినిపించేవాళ్ళం. ఇంకోటి, ఫ్రీ అకౌంట్ అయితే 40 నిముషాలకి కట్ అవుతుంది, వరాళి మధ్యలో ఆగిపోతే నన్నడగొద్దు.

తంబూరా తీగ:
వరాళి అన్నారు కాబట్టి చెప్తున్నా. వరాళి గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకి చెడుతుందని పెద్దవాళ్ళంటారు, విని నేర్చుకోవాలంటారు. మా గురువుగారు పక్క గదిలో కూర్చుని పాడేవారు, మేం ఇవతల గడప దగ్గర కూర్చుని పట్టుకునేవాళ్ళం. నమ్మకమో కాదో నాకు తెలీదు, చెవి మాత్రం పదునెక్కింది. ఆ లెక్కన పిన్నిగారూ, మీ జూమ్ వరాళికి అన్నిటికన్నా క్షేమం.

డాలస్ అత్తయ్య:
హహ్హ. మా దగ్గర వరాళి తరవాత ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు, అదీ జూమ్‌లోనే.
పిన్నీ, రికార్డింగులు తీయించుకుంటావేమో, ఒక పద్ధతి చెప్తా. నువ్వు ముందు తంబూరా, తాళంతో కృతి మొత్తం పాడి పంపు. వాళ్ళు ఒక చెవిలో అది వింటూ, రెండో చెవి ఖాళీగా వదిలి, ఇంకో ఫోన్లో పాడి పంపాలి. రెండు చెవులూ మూస్తే సొంత గొంతు తెలీక శ్రుతి జారుతుంది. నీ ట్రాకులో పాటకి ముందు ఒక్క చప్పట్టు కొట్టు, అది వినపడగానే వాళ్ళూ ఒకటి కొట్టాలి, తరవాత ఎవరైనా కలిపేటప్పుడు ఆ చప్పట్లన్నీ ఒక వరసలో పెడితే సరి. ఆరభి కృతి పాడించేటప్పుడు ముఖ్యంగా ఇది చెయ్యి, చరణం అయ్యాక ప్రతిసారీ పల్లవికి కాకుండా ‘సమయానికి’ దగ్గరికి తిరిగి రావాలి కదా, అక్కడే సగంమంది దారి తప్పేది, ఎవరు తప్పారో హాల్లో తెలీదు, రికార్డింగులో దొరికిపోతారు.

సింగ్‌నగర్ పిన్ని:
రాసుకుంటున్నానండీ. ఆ తడిసిన శ్రుతిపెట్టె ఎండలో పెట్టా మూడు వారాలుగా, ప్లగ్గులో పెట్టి చూడనా?

గుంటూరు బేస్ గొంతు:
వద్దు మేడమ్!! పైకి ఎండినా లోపల బురద ఉంటుంది, ఎవరిచేతైనా విప్పించి శుభ్రం చేయించాకే. మాది కీబోర్డు ఒకటి ఇలాగే తొందరపడి ఆన్ చేసి కాల్చేశాం.

తంబూరా తీగ:
పోతే పోయింది, ఈ వంకనైనా ఒక మంచి తంబూరా కొనండి. పెట్టె ఎప్పుడూ పెట్టే.

గుంటూరు బేస్ గొంతు:
వరదలో మునిగిన వాళ్ళకి చెప్పే మాటేనా సార్ అది.

తంబూరా తీగ:
నేనేమన్నానని. మీరు ఇందాకటి క్వయిర్ విషయం మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

అచ్చుతప్పు మాస్టారు:
తంబూరా, తంబుర, తంబురా మూడూ వాడుకలో ఉన్నాయి. దీనిమీద విడిగా రాస్తాను.

సింగ్‌నగర్ పిన్ని:
వచ్చింది వచ్చింది, ఆ ఒరిజినల్ ది నొక్కగానే అందరూ చేతులూపారు. కాకపోతే మా వంటింట్లో కుక్కరు విజిల్ కూడా వినపడిందిట, పప్పు ఉడికిందా అని ఒకావిడ చాట్‌లో అడిగింది. గౌళ రెండు చరణాలు అయ్యాయి. థాంక్స్ అండీ అందరికీ, అన్నం తినొస్తా.

కీబోర్డ్ కుర్రాడు:
బ్లూటూత్ తీశారా?

కొత్తపేట వీణ:
నాకూ ఇదే ప్రాబ్లం, కాకపోతే వీణ. ఫోన్లో. ఎవరైనా చెప్తారా?