చిన్న కారులో వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు: ముందు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి?

పటమట నాన్న:
అందరికీ నమస్కారం అండీ. మా పాపకి రెండు నెలలు దాటాయి. పురిటికి వెళ్ళిన మా ఆవిడ ఇంకా గుంటూరులో పుట్టింట్లోనే ఉంది. ఐదో నెలలో మంచిరోజు చూసి విజయవాడ తెచ్చుకుంటాం. మా కారు 2018 స్విఫ్ట్. పాపని ఒళ్ళో పెట్టుకుని తీసుకురావడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కారు సీటు కొనాలని బందరు రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాను. వాళ్ళు మంచివాళ్ళు, సీటు బయటికి తెచ్చి కారులో పెట్టి చూసుకోనిచ్చారు.

సమస్య చోటుతోనే. నేను ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువ. నా వెనక పెడితే నా సీటు ముందుకు జరపాలి, అప్పుడు మోకాళ్ళు స్టీరింగ్ కిందకి వచ్చేస్తున్నాయి. ఎడమవైపు పెడదామంటే ఆ ముందు సీటు మా అత్తగారిది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కాళ్ళు చాపుకోకపోతే గంటసేపు కూర్చోలేరు. ఫ్రెండ్ ఒకడు ‘ముందు సీట్లోనే పెట్టేసుకో, పక్కనే కనపడుతూ ఉంటుంది’ అన్నాడు. అది సరైనదేనా? ఇంకోటి, కారు సీట్లో ఉండే ఇనప కడ్డీలకి నేరుగా తగిలించే ఐసోఫిక్స్ ఉన్నదే కొనాలా, మామూలు బెల్టుతో కట్టేది చాలా? ఇంట్లో పెద్దవాళ్ళేమో ‘ముప్పై ఐదు కిలోమీటర్లకి ఇంత హంగామా ఎందుకు, తల్లి ఒడి కంటే భద్రమైన చోటుందా’ అంటున్నారు. వాళ్ళకి ఎలా చెప్పాలో కూడా చెప్పండి.

బ్రాడీపేట లెక్చరర్:
ముందు సీటు మాట మర్చిపోండి తమ్ముడూ. మీ కారులో ముందు ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ ఉంది. వెనక్కి తిరిగిన సీటు అక్కడ పెడితే దాని వీపు డాష్‌బోర్డుకి ఆనుకున్నట్టు ఉంటుంది, పాప తల సరిగ్గా ఆ వీపు వెనకే. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకుని సీటుని వెనక్కి గుద్దుతుంది. ఎండ పడకుండా దించుకునే సన్‌వైజర్ మీద పసుపు రంగు స్టిక్కర్ చూడండి, చెప్పేది అదే. ఎయిర్‌బ్యాగ్ ఆపేసే స్విచ్ లేని కారులో ఆ మాటకి తిరుగులేదు.

ఇక ఒడి సంగతి. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, మా అమ్మకి కాగితం మీద లెక్క వేసి చూపించాను. మీరూ వేయండి. కారు 50 కిలోమీటర్ల వేగంలో ఉందంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు వెళ్తోందన్నమాట. అది సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. 6 కిలోల పాప ముందుకి 85 కిలోల బలంతో లాగుతుంది. మూడు పాతిక కిలోల బియ్యం బస్తాల్ని ఒక్కసారిగా చేతుల్లో పట్టుకుని ఆపడం లాంటిది అది. తల్లి ప్రేమలో లోటేం లేదు, చేతుల బలమే చాలదు. పైగా తల్లికి బెల్టు లేకపోతే ఆవిడ బరువు కూడా పాప మీదే పడుతుంది. మా అమ్మ ఆ లెక్క చూశాక మళ్ళీ ఒడి మాట ఎత్తలేదు.

వెనక్కి తిరిగే ఎందుకంటే, పసిబిడ్డ ఒంట్లో పొడవులో నాలుగో వంతు తలే. మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ముఖం ముందుకి పెట్టి కూర్చోబెడితే బెల్టు ఒంటిని ఆపుతుంది, తల మాత్రం ముందుకి విసిరినట్టు పోతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు అన్నీ కలిపి సీటు డొప్పలోకి ఒత్తుకుంటాయి. దెబ్బ అంతా వీపు మీద పరుచుకుంటుంది.

చోటు గురించి. ఎడమవైపు వెనక సీటే మీకు నప్పుతుంది, పాపని దించేటప్పుడు రోడ్డు వైపు కాకుండా గట్టు వైపు దిగుతారు కూడా. అత్తగారి ఎత్తు ఎంతో చెప్పలేదు. ఐదడుగుల మనిషైతే సీటు కాస్త ముందుకి జరిపినా కాళ్ళకి సరిపోతుంది. వీపు భాగాన్ని నిటారుగా లేపండి, జరపడం కంటే అక్కడే ఎక్కువ చోటు కలిసొస్తుంది. అయితే ఆవిడ ఛాతీకీ డాష్‌బోర్డుకీ మధ్య అడుగు దూరమైనా ఉండాలి, అక్కడ ఉన్నదీ ఎయిర్‌బ్యాగే కదా. చాలకపోతే పిల్లల సీటు మార్చండి, ఆవిడని కాదు. షాపులో ఒక్కో సీటుని పెట్టి చూడండి. డొప్ప పొడవు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. వాలు మార్చుకునే వీలున్నది తీసుకుంటే, ఐదో నెలకి మెడ నిలిచాక సీటు మాన్యువల్ ఒప్పుకున్నంత మేర కొంచెం నిటారుగా పెట్టొచ్చు, ముందుకి పొడుచుకురావడం తగ్గుతుంది. నెలలోపు బిడ్డకైతే 45 డిగ్రీల వాలు కావాలి, అక్కడ రాజీ పడకూడదు. సీటు పక్కన ఒక గీత గానీ నీటి బుడగ గానీ ఉంటుంది. కారుని చదునైన చోట ఆపి చూడాలి, మీ అపార్టుమెంటు ర్యాంపు మీద కాదు.

ముందు సీటు వీపుకి పిల్లల సీటు తగలొచ్చా అన్నది కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. కొందరు తగలనిస్తారు, కొందరు వద్దంటారు.

ఐసోఫిక్స్ ఉన్న కారు కాబట్టి అదే తీసుకోండి, తప్పుగా బిగించే అవకాశం తక్కువ. కూర్చునే భాగానికీ వీపు భాగానికీ మధ్య వేలు దూర్చితే ఇనప కడ్డీలు తగులుతాయి. పిల్లల సీటు కింద ఉండే బేస్ కొక్కేలు వాటికి క్లిక్‌మనాలి, గుర్తు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారాలి. కింద కాలు ఉన్న బేస్ అయితే ఆ కాలు నేలకి గట్టిగా ఆనాలి, కింద మ్యాట్ మడతలు ఉండకూడదు.

మా పాత కారులో ఐసోఫిక్స్ లేదు. మా బాబుకి బెల్టుతోనే కట్టాం, అదీ భద్రమే, కాకపోతే ఓపిక కావాలి. బెల్టు వెళ్ళే దారికి సీటు మీద నీలం రంగు గుర్తులుంటాయి, వెనక్కి తిరిగినప్పుడు నీలమే చూడాలి. ఎరుపు ముందుకి తిరిగినప్పటిది. నడుము బెల్టు డొప్ప ముందు నుంచి, భుజం బెల్టు డొప్ప వీపు చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి కారు బెల్టు పొడవు చాలా కావాలి. చిన్న కార్లలో చాలామందికి అక్కడే చిక్కు. కొనే ముందు కట్టి చూడమనేది అందుకే. బకిల్ ప్లాస్టిక్ అంచు మీద వంగి కూర్చోకూడదు, ఒత్తిడికి విరిగిపోతుంది. సీటుని చేత్తో కిందికి నొక్కి ఒంటి బరువంతా వేసి, రెండో చేత్తో బెల్టు లాగాలి. బెల్టు దారి దగ్గర పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పైభాగం ఊగిందని కంగారుపడకండి, వెనక్కి తిరిగిన సీటు తలవైపు కొంచెం ఊగుతుంది.

పటమట నాన్న:
చాలా థాంక్స్ అక్కా. లెక్క మా మావయ్యగారికి వాట్సాప్‌లో పంపాను. అత్తగారు ఐదడుగుల లోపే, కాబట్టి ఎడమవైపే అనుకుంటున్నాం. ఇంట్లో ఇంకో మాట వచ్చింది. పాప తల గుండ్రంగా ఉండాలని ఆవాల దిండు వేస్తున్నారు. సీట్లో కూడా దాన్నే తల కింద పెడదామంటున్నారు. పెట్టొచ్చా?

పిల్లల వార్డు నర్సు:
వద్దండీ, దయచేసి పెట్టకండి. తల కింద ఎత్తు పెడితే గడ్డం ఛాతీకి ఆనుతుంది. పసిపిల్లల శ్వాసనాళం మెత్తగా ఉంటుంది, మెడ అలా వంగితే నలిగి ఊపిరి అందదు. ఏడుపు కూడా రాదు, నిద్రపోతోందనుకుంటాం. గడ్డానికీ ఛాతీకీ మధ్య మీ వేలు దూరేంత చోటు ఎప్పుడూ ఉండాలి. సీటుతో వచ్చిన మెత్త తప్ప బయటిది ఏదీ వేయొద్దు.

పొత్తిళ్ళలో చుట్టి కూర్చోబెట్టడం కూడా కుదరదు. బెల్టు ముడి కాళ్ళ మధ్య నుంచే రావాలి. పట్టీలు భుజాల ఎత్తులో గానీ రవ్వంత కింద నుంచి గానీ రావాలి, పైనుంచి కాదు. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత వేళ్ళకి దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే. చలిగా ఉంటే దుప్పటి పట్టీల మీద కప్పండి, కింద కాదు. మొలతాడుకి వెండి బిళ్ళలు ఉంటే ముడి కింద ఒత్తుకోకుండా పక్కకి జరపండి, మా దగ్గరికి ఆ చోట కందిన చర్మంతో పిల్లలు వస్తుంటారు.

మన ఊళ్ళ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కారు ఎండలో ఉంటే బకిల్ ఇనుము చేత్తో ముట్టి చూశాకే పాపని పెట్టండి. ఏసీ వేసి లోపల చల్లబడ్డాక ఎక్కించండి. కారులో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు, అద్దం కొంచెం దించినా సరే. ఇంటికి చేరాక నిద్రపోతోంది కదా అని సీట్లోనే ఉంచేయకండి, తీసి చదునుగా పడుకోబెట్టండి. దూర ప్రయాణమైతే రెండు గంటలకోసారైనా ఆపి ఒళ్ళోకి తీసుకోవాలి. అంత చిన్న బిడ్డకి ఇంకా ముందే ఆపినా మంచిదే.

ఆర్టీసీ బాబాయ్:
నేను బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. గుంటూరు, విజయవాడ మధ్య ఎన్నేళ్ళు తిరిగానో. ఆ దారిలో గుద్దుకోవడం కంటే ముందు సడన్ బ్రేకుంటుంది బాబూ. కాజ టోల్‌గేటు దగ్గర లైను మారేవాళ్ళు, మంగళగిరి దగ్గర ఉన్నట్టుండి అడ్డంగా దాటేవాళ్ళు, మిర్చి సీజన్లో గుంటూరు యార్డుకి పోయే లారీలు, వారధి దాటగానే ట్రాఫిక్. నా వెనక సీట్లలో తల్లుల చేతుల్లోంచి పిల్లలు జారడం నేను అద్దంలో చూశాను. మీ లెక్చరరమ్మ లెక్క నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఒక్క మాట ఎవరూ అనలేదు. పాపని పుట్టింటి నుంచి తెస్తున్నావంటే సారె ఉంటుంది. స్టీలు బిందె, అరిసెల డబ్బా, ఉయ్యాల, ఇవన్నీ వెనక సీటు మీదో వెనక అద్దం కింది పలక మీదో పెడతారు మనవాళ్ళు. పెట్టనివ్వకు. బ్రేకు పడితే ఆ బిందె వచ్చి తగిలేది పాపకే. అన్నీ డిక్కీలో సర్దు, పట్టనివి ఇంకో బండిలో పంపు. పక్కన కూర్చునే మీ ఆవిడా, ముందున్న అత్తగారూ బెల్టు పెట్టుకోవాలి. వెనక బెల్టు పెట్టుకోని పెద్దమనిషి కూడా పాప మీద పడే బరువే.

చట్టం కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అనే సెక్షన్ పెట్టారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయలు జరిమానా. పెద్దవాళ్ళతో వాదన కుదరకపోతే ఆ మాట చెప్పు, ఊరుకుంటారు.

పటమట నాన్న:
సారె సంగతి నాకు తట్టనే లేదు బాబాయ్, మా బావమరిది కారులో వేయిస్తాను. అక్కా, ఆఖరి ప్రశ్న. తక్కువ ధరలో సెకండ్ హ్యాండ్ సీటు దొరుకుతోంది, తీసుకోవచ్చా? ముందుకి ఎప్పుడు తిప్పొచ్చు?

బ్రాడీపేట లెక్చరర్:
తెలిసినవాళ్ళదై, యాక్సిడెంటు కాలేదని వాళ్ళు ఖచ్చితంగా చెప్పగలిగితేనే తీసుకోండి. ఒక్కసారి దెబ్బ తిన్న సీటు పైకి బాగానే కనపడినా లోపల నెర్రెలు ఉండొచ్చు. కింద ప్లాస్టిక్ మీద తయారీ తేదీ, ఎన్నేళ్ళు వాడొచ్చో అచ్చు వేసి ఉంటుంది, చూడండి. యూరప్ ప్రమాణానికి చేసినదైతే నారింజ రంగు లేబుల్ మీద గుండ్రంలో ఇంగ్లీషు ‘E’ అక్షరం ఉంటుంది, మన దేశపు ప్రమాణం ఏఐఎస్ 072. రెండూ లేనిది అంగట్లో ఎంత ముద్దుగా కనపడినా వద్దు.

తిప్పే విషయంలో తొందరపడొద్దు. యూరప్‌లో 2013 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధన 15 నెలలు దాటేదాకా వెనక్కే ఉండాలంటుంది. అది కనీసం మాత్రమే. పుట్టినప్పటి నుంచి వాడే మొదటి రకం సీట్లు సాధారణంగా 13 కిలోల వరకు మోస్తాయి. బరువు అంతకి చేరినా, తల పైభాగం డొప్ప అంచుకి అంగుళం దూరంలోకి వచ్చినా, ఆ సీటు చిన్నదైనట్టు. అప్పుడు ఇంకా పెద్ద వెనక్కి తిరిగే సీటు దొరికితే అదే తీసుకోండి. కాళ్ళు మడుచుకుంటుంటే చాలామంది భయపడి తిప్పేస్తారు, పిల్లలకి అదేం ఇబ్బంది కాదు. మా బాబు వెనక సీటు వీపు మీద కాళ్ళు పెట్టుకుని హాయిగా నిద్రపోయేవాడు.