ఓడలరేవు నుంచి ఎస్.యానాం వైపు బీచ్‌లో నడిచినవాళ్లు ఉన్నారా?

సరుగుడుతోపు:
వచ్చే నెల అమలాపురం వస్తున్నాం, నలుగురం. అంతర్వేది చూసేశాం, జనం ఎక్కువ. ఓడలరేవు దాటాక మనుషులు తిరగని బీచ్ ఉందని, ఒకప్పుడు అక్కడ ఇసుక తవ్వి ఖనిజాలు తీశారని ఎవరో చెప్పారు. నిజమేనా? ఆడవాళ్లతో వెళ్లొచ్చా?

ఉప్పుటేరు:
ఖనిజాల కోసం ఇసుక తవ్వింది శ్రీకాకుళం జిల్లా వత్సవలస దగ్గరండి, ఇక్కడ కాదు. మన దగ్గర తోడింది చమురు, గ్యాసు. సముద్రంలో రవ్వ క్షేత్రం 1987లో బయటపడింది, దాని టెర్మినల్, అంటే ఒడ్డుకొచ్చిన చమురూ గ్యాసూ శుద్ధి చేసే చోటు, ఎస్.యానాంలోనే, ఇటు ఓడలరేవులో ఓఎన్‌జీసీది ఇంకొకటి. ఆ కంచెల దగ్గర ఫొటోలు, డ్రోన్లు పెట్టుకోకండి, గొడవైపోతుంది. మధ్యలో బీచ్ మాత్రం బోలెడంత ఖాళీ.

గోదారిగట్టు:
తవ్వకపోయినా నల్ల ఇసుక ఉందండోయ్. అల వెనక్కి వెళ్తూ తేలికపాటి ఇసుకని లాక్కుపోయి, బరువైన మాగ్నటైట్, ఇల్మనైట్, గార్నెట్ రేణువుల్ని చారలు చారలుగా వదిలేస్తుంది. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి ఈడ్చి చూడండి, దానికి నల్లగా మీసాలు మొలుస్తాయి. మధ్యాహ్నం వట్టికాళ్లతో ఆ చారల మీద అడుగేస్తే మాత్రం గెంతులే. మావాడు సీసాలో పోసుకుంటే పారబోయించాను, మోనజైట్ కూడా కలిసి ఉంటే అందులో రేడియోధార్మిక థోరియం ఉంటుంది. నడిస్తే ఏమీ కాదు, ఇంట్లో దాచుకోవడం ఎందుకని.

కొమరగిరి కుర్రాడు:
ఆయ్, దూరం సంగతి వదిలేయండి, టెన్షన్ అంతా మొగల దగ్గరే. మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట పాటులో మోకాలి లోతే కదా అని దాటేస్తారు, తిరిగొచ్చేసరికి పోటెక్కి నడుం దాటిపోతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ అయితే మరీను. అక్కడ స్నానం అసలొద్దు, లాగేస్తుంది. ముందు రేవులో వేటకెళ్లేవాళ్లని పోటు ఎప్పుడో అడగండి. ఆడవాళ్లుంటే పొద్దున్నే వెళ్లి ఎండెక్కకముందే వచ్చేయండి, మధ్యలో నీడ ఉండదు, చాటూ ఉండదు.

లంకబ్బాయి:
1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి అదుపుతప్పి ఎగజిమ్మిన బ్లోఅవుట్ 65 రోజులు మండింది, రాత్రుళ్లు మా అరుగు మీద దీపం అక్కర్లేకపోయేది. ఇప్పటికీ టెర్మినల్ మంట కనబడితే మా అమ్మ మొహం తిప్పేసుకుంటుంది. గ్యాసు తోడబట్టే భూమి కుంగి పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కుతోందని మా ఊళ్లో అందరి మాటా.

ఉప్పుటేరు:
కుంగడం గురించి వాదించనండి. కానీ పైన డ్యాములు ఒండ్రు ఆపేస్తుంటే కింద సముద్రం కోసుకుపోదా? దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

సరుగుడుతోపు:
కారు ఇసుకలోకి దింపొచ్చా? జనవరి అయితే ఎలా ఉంటుంది?

కొమరగిరి కుర్రాడు:
దింపితే ట్రాక్టరుతో లాగించుకోవాలి. పైగా జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు రాత్రుళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి, బళ్లూ టార్చిలైట్లూ వద్దు. కారు ఊళ్లోనే పెట్టేసి, మంచినీళ్లు అక్కడే నింపుకోండి.